తాడు లేచేదాకా

మీరావలి గురువుగారు ఏ ప్రశ్నకీ ఊరికే కూచుని జవాబు చెప్పిన మనిషి కాదు. చేతిలో పని నడుస్తుంటేనే నోరు తెరిచేవారు. కాకినాడ ఎగ్జిబిషన్‌లో మా మృత్యుబావి వేసిన రోజుల్లో, ఆ చెక్క గోడ మీద మోటారు సైకిలు ఎక్కించే విద్య మాకు ఆయనే నేర్పారు. నాతోపాటు నేర్చుకుంటున్న పోలినాయుడికి అప్పటికి ముప్పై రెండేళ్ళు. ఆ వారంలోనే మూడుసార్లు పడ్డాడు. చక్రం గోడని పట్టుకోకముందే ఆత్రంగా యాక్సిలరేటరు తిప్పేసేవాడు.

"గురువుగారూ, కోరిక చంపుకుంటేనే విద్య కుదురుతుందంటారు పెద్దలు. నాది చావట్లేదు. ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు.

ఇదే ప్రశ్న అంతకు రెండేళ్ళ ముందు నేనడిగితే, "ముందు ఆ గొలుసుకి నూనె పెట్టు" అన్నారు. వాడికి మాత్రం కథ చెప్పారు. అది నేను మర్చిపోలేదు. అయినా విన్నది విన్నట్టే రాస్తున్నాను.

గురువుగారు వయసులో ఉండగా ఓడ ఇంజను పనికి వెళ్ళి, ఇటలీ దేశంలో దిగిపోయి, ఎల్వీనో అనే మోటారు సైకిలు పందెగాడి దగ్గర తొమ్మిదేళ్ళు మెకానిక్కుగా ఉన్నారు. అక్కడి పందెం మట్టి బాట మీద. నలుగురు మనుషులు, నాలుగు చుట్లు, మలుపులన్నీ ఎడమకే. బండికి బ్రేకుండదు. బయల్దేరేచోట చక్రాల ముందు అడ్డంగా తాళ్ళు కడతారు. మీట నొక్కితే అవి పైకి లేస్తాయి. లేవకముందే బండి తాడుకి తగిలిందో, ఆ మనిషి ఆ పందెంలో లేనట్టే. ఇంజను గొంతు చించుకుంటూ ఉంటుంది, బండిని కదలకుండా ఆపేది ఎడమచేతి రెండు వేళ్ళ కింది క్లచ్చి. వేళ్ళు వెంట్రుకవాసి సడలితే చాలు, బండి తాడు మీదికి దూకుతుంది.

ఎల్వీనో ఇంగ్లండులో ఆడాడు, పోలండులో ఆడాడు. అక్కడ ఒక్కనాడూ తాడు ముట్టిన పాపాన పోలేదు. కానీ ఏటా సెప్టెంబరులో వాళ్ళ సొంత ఊళ్ళో ఒక పందెం జరుగుతుంది. గెలిచినవాళ్ళ పేర్లు మైదానం గోడ మీద రంగుతో రాస్తారు. వాళ్ళ వీధి పాలవాడి పేరు కూడా ఉంది ఆ గోడ మీద. ఎల్వీనో పేరు లేదు. ఆఖరి పందెం దాకా ఆరుసార్లు వచ్చాడు. ఆరుసార్లూ తాడు తగిలించి, బండి తోసుకుంటూ వెనక్కి నడిచాడు.

"ఎల్వీనో, తాడవతల నుంచి మీ ఆవిడ పిలిచిందా ఏం?" అని అరిచేవాడొకడు.

"ఆవిడ పిలిస్తే ఇంత తొందరగా పోతాడా!" అనేవాడు పక్కవాడు.

ఆరోసారి ఆ ఊరి పెద్దమనుషుల మాట విని, ఈ పందెం తనకి లెక్కే లేదని నెల్లాళ్ళు మనసుకి నూరిపోసుకుని వచ్చాడు. ఆ ఏడు మునుపటికన్నా ముందే తగిలించాడు.

ఏడోసారికి ముప్పై తొమ్మిదేళ్ళు నిండాయి. ఆదివారం మధ్యాహ్నం. హెల్మెట్టు పట్టీ బిగిస్తున్న గురువుగారితో, "మీరా, ఈసారి వద్దని చెప్పుకోను. నాకు కావాలి" అన్నాడట.

నాలుగు బండ్లూ తాడు దగ్గర నిలబడ్డాయి. మీట నొక్కేవాడు ఎందుకో ఆలస్యం చేశాడు. ఎల్వీనో రెండు వేళ్ళూ క్లచ్చి మీద బిగుసుకుపోయాయి. తాడు లేచింది. ముగ్గురూ దూసుకుపోయారు. ఇతను మాత్రం తాడు తల మీదికి పూర్తిగా వెళ్ళేదాకా కూచుని, అప్పుడు వదిలాడు. మొదటి మలుపుకి నాలుగోవాడు. రెండో చుట్టులో ఒకణ్ణి దాటాడు, ఆఖరి చుట్టులో ఇంకొకణ్ణి. ముందున్నవాడికి అర చక్రం దూరంలో పందెం అయిపోయింది. మూడోవాడిగా వచ్చాడని కొందరు చెప్పుకుంటున్నారు. తప్పు. రెండోవాడు.

గురువుగారు పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి, మొహమంతా మట్టితో, పళ్ళు మాత్రం తెల్లగా, నవ్వుతున్నాడట.

"ఓడిపోయి నవ్వుతావేం?"

"మీరా, మా ఊరి ఆఖరి పందెంలో నాలుగు చుట్లూ తిరిగాను. ఆ వేళకి రెండో మలుపులో మట్టి ఎంత మెత్తబడుతుందో నాకు ఇవాళే తెలిసింది."

బట్టలు మార్చుకుని పోతూ గోడ దగ్గర ఆగాడట. చివరి పేరు కింద ఖాళీ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, వచ్చే ఏటికి పేరిచ్చి వచ్చాడు.

అంతవరకు చెప్పి గురువుగారు ఇంకో స్పానరు అందుకున్నారు. పోలినాయుడికి సందేహం తీరలేదు.

"అంటే, తాడు దగ్గర కూచున్న ఆ కాసేపూ గెలుపు వద్దనుకున్నాడన్నమాట," అన్నాడు.

గురువుగారు తలెత్తకుండానే అన్నారు: "వద్దనుకున్నవాడికి అంత గట్టిగా పట్టుకోవాల్సిన పనేముందిరా?"