దుంగను కదిపిన పేరు

రండి తల్లులారా, అయ్యలారా, ముందుకు జరగండి. వెనకున్న పెద్దాయనకు కాస్త చోటివ్వండి. ఇది మనవాళ్ళు పొట్ట చేతపట్టుకుని ఓడలెక్కి రంగూన్ వెళ్ళిన రోజుల నాటి ముచ్చట.

అక్కడ నది ఒడ్డున టేకు దుంగల అడితి ఒకటి, దాని పక్కనే మనవాళ్ళు వేసుకున్న భజన పాక ఒకటి ఉండేవి. పాకలో పరమానందస్వామి ఉండేవారు. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "చూద్దాంలే నాయనా" అనేవారు, అంతే.

అడితిలో దుంగలు లాగే పైడియ్య ఆయన శిష్యుడు. ఒక సాయంత్రం భజన అయ్యి అందరూ లేచినా అతను లేవలేదు.

"సామీ, రామా అని కళ్ళు మూస్తే మా మావ కూతురు నూకాలు కనపడతంది. జడ అల్లుకుంటా నవ్వుతంది. కట్టుకుంటానని మాటిచ్చి ఓడెక్కినోణ్ణి. ఇంక దాన్ని మనసులోంచి తీసేద్దారనుకున్నాను. రేపు మా ఊరి కూర్మయ్య ఓడెక్కి ఊరెల్తన్నాడు. నాకోసం సూడొద్దు, పిల్లని ఇంకోడికిచ్చుకోమని మావకి సెప్పమన్నాను. అప్పుడైనా రాముడు నిలుస్తాడా సామీ?"

స్వామి భజన తాళాలు సర్దుతూ అన్నారు. "పొద్దున్నే మీ అడితికి వస్తాను. చూద్దాంలే నాయనా."

దుంగ లాగేటప్పుడు ఒకడు ఏదైనా ఒక పేరు గట్టిగా పిలవాలి, మిగిలినవాళ్ళు 'ఐలేసా' అంటూ ఒక్క ఊపున లాగాలి. ఆ అడితిలో పిలుపు పైడియ్యది. వచ్చిన నాటినుంచీ అతను పిలిచే పేరు నూకాలే. ఆ పొద్దున మాత్రం పట్టుదలగా రాముణ్ణి పిలవబోయాడు. నోట్లోకి నూకాలే వచ్చేది. నాలిక కరుచుకునేవాడు. పిలుపు సగంలో తెగిపోయేది, ఒకడు ముందు లాగితే ఇంకొకడు వెనక లాగేవాడు. దుంగ బురదలో దున్నపోతులా పడుకునే ఉంది.

"ఏటిరా పైడీ, గొంతు పాకలో మర్సిపోయొచ్చేసేవేటి?" అన్నాడు వెనకనుంచి ఎర్రినాయుడు.

అందరూ గొల్లుమన్నారు. పైడియ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఒడ్డున నిలబడి చూస్తున్న స్వామి పంచె ఎగ్గట్టి బురదలోకి దిగి తాడు పట్టుకున్నారు. "గొంతుకు అడ్డం నిలబెట్టావు, పాపం ఆ పిల్లను. బయటికి పిలువు నాయనా. ముసలాణ్ణి, ఎంతసేపని నిలబడను?"

పైడియ్య గుండెల నిండా ఊపిరి పీల్చాడు. "నూకాలూ!"

"ఐలేసా!"

దుంగ కదిలింది! ఆ ఊపులో మిగిలినవాళ్ళకు ఏం పూనిందో, ఎర్రినాయుడు "అమ్మా!" అన్నాడు. ఒకడు పెళ్ళాం పేరు పిలిచాడు, ఇంకొకడు తాను ఇంకా ముఖమైనా చూడని కూతురి పేరు పిలిచాడు. స్వామి "రామా!" అంటూ లాగారు. ఎవరి పేరు వాళ్ళది, ఐలేసా అందరిదీ. దుంగ గట్టెక్కేసరికి అందరూ బురదలో వెల్లకిలా పడి నవ్వుతున్నారు, స్వామితో సహా.

నవ్వుతున్న పైడియ్య ఉలిక్కిపడి లేచాడు. ఓడ! ఒంటి బురదతోనే రేవుకు పరుగెత్తాడు. కూర్మయ్య అప్పటికే మూట నెత్తిన పెట్టుకుని ఓడ మెట్లెక్కుతున్నాడు.

"కూర్మయ్యా! ఆ కబురు సెప్పకు! వానలు తగ్గగానే వస్తన్నాను, మావని పెళ్ళిపందిరెయ్యమను!"

"ఓరి ఎర్రోడా! నూకాలూ అని నువ్వరిసిన అరుపు రేవుదాకా ఇనపడింది. నాను అప్పుడే మార్సేసేను కబురు!"

సాయంత్రం పైడియ్య పాకకు వచ్చి స్వామి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. "మరి రాముడి సంగతేటి సామీ?"

స్వామి అరచేతి బొబ్బలకు నూనె రాసుకుంటున్నారు. "ఇన్ని పేర్లు పిలిచాం కదా నాయనా. ఎవరి పేరుకు కదిలిందో ఆ దుంగనే అడుగు."

తల్లులారా, అయ్యలారా, మిగతాదంతా మరిచినా ఫరవాలేదు. గుండెల నిండా ఊపిరి పీల్చి పైడియ్య పిలిచిన పిలుపొక్కటి గుర్తుంచుకోండి. రేపు ఏ బరువు ఎత్తేటప్పుడైనా, మీరూ ఒక్కసారి మీ మనసులోని పేరును అలా పైకి పిలిచి చూడండి.