లేని తూము

రెండు కొండల మధ్య ఒక కట్ట ఉంది. కట్ట వెనక సముద్రమంత నీరు, కట్ట ముందర ఊరు. కట్ట లోపల ఏముందో ఊళ్ళో ఎవరూ చూడలేదు. చూడాల్సిన పనీ లేదు. ఏ వేళకు ఏ తూము ఎత్తాలో చెప్పడానికి ఒక పుస్తకం ఉంది.

ఏటా తొలకరికి ముందు ఆ పుస్తకాన్ని కట్ట మీద చదివేవారు. తూములు కాసే నీరటివాళ్ళంతా వరసగా నేల మీద కూర్చునేవారు. లేఖరి సగం వాక్యం చదవాలి, తక్కిన సగం వాళ్ళు గొంతు కలిపి చెప్పాలి. అదీ ఆనవాయితీ. "నీరు ఏనుగు బండను తాకితే?" అని లేఖరి అడిగితే, "నడిమి తూము ఎత్తాలి!" అని కొండలు మారుమోగేవి. నీరటివాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు 'అమ్మ' తర్వాత నేర్చే మాట అదే.

మూడేళ్ళ కింద నడిమి తూమును తీసేశారు. దాని పక్కన మట్టి కరిగి, కట్ట లోపల్లోపలే గుల్లవుతోందని మేస్త్రీలు కనిపెట్టారు. రాళ్ళు పేర్చి, సున్నం పోసి పూడ్చేశారు. తూర్పున కొత్త తూము కట్టారు. పని నికార్సుగా చేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. పుస్తకం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

పోయిన వానాకాలం నీరు ఏనుగు బండను తాకింది. కావలి ఉన్న నీరటి నడిమి తూము దగ్గరికి పరిగెత్తాడు. వెనక్కి తిరిగి తూర్పుకు చేరేలోగా కింది వీధి మునిగింది. అతని కూతురు ఆ వీధిలోనే ఉంది.

ఆ కబురు విని చిన్న లేఖరి అతని గుమ్మానికి వెళ్ళింది. పుస్తకాల గదిలో చేరి ఆర్నెల్లు కాని పిల్ల. ఆమె నోటికి జడవనివాళ్ళు ఆ గదిలో లేరు.

"అక్కడ తూము లేదని నీకు తెలీదా, అన్నా?"

"తెలుసమ్మా. పూడ్చడానికి రాళ్ళు మోసినవాళ్ళలో నేనూ ఉన్నా. కానీ నీళ్ళు మీదికొస్తే తల పనిచెయ్యదు, కాళ్ళు పనిచేస్తాయి. నా కాళ్ళకు తెలిసింది పుస్తకమే."

ఆమె తిన్నగా పెద్ద లేఖరి దగ్గరికి వచ్చింది.

"ఆ వాక్యం కొట్టేస్తాను, తాతా."

"కొట్టేస్తావా! ఈ పుస్తకంలో అక్షరం చేరడమే గానీ పోవడం లేదు పిల్లా. కావాలంటే అంచున సన్నగా రాసుకో, తూము ఇప్పుడు లేదని."

"అంచున రాసింది నీరటివాళ్ళకు వినిపిస్తుందా?"

"నోరు మహా వాడి నీకు."

"మీ కలం మొద్దుబారింది గనక నా నోరు వాడిగా కనిపిస్తోంది."

గదిలో తక్కినవాళ్ళు నవ్వు దాచుకోవడానికి తలలు దించుకున్నారు. ముసలాయన మాత్రం పుస్తకం తెరిచి, ఆ వాక్యం పక్కన వేలు పెట్టాడు. అక్కడ తూము కట్టినవాడి పేరు ఉంది.

"మా నాన్న" అన్నాడు. "తూము పూడ్చిన రోజు నేను గడప దాటలేదు. ఇక ఆయన మిగిలింది ఈ ఒక్క వరసలోనే. నువ్వు గీత గీస్తే ఎక్కడికి పోతాడు?"

ఆమె దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. ఏ సభలోనైనా గెలిచే జవాబులు. అవన్నీ పక్కన పెట్టింది.

"ఆ నీరటి కూతురు ఏ వరసలోనూ లేదు, తాతా" అంది.

ముసలాయన వేలు తీశాడు. ఆమె గీత గీసి, కింద "తూర్పు తూము ఎత్తాలి" అని రాసింది.

చదివే రోజు వచ్చింది. ఆ ఏడు చదివే వంతు ఆమెది. పని అయిపోయిందనే అనుకుని ఆమె లేఖరి పీట మీద కూర్చుంది.

"నీరు ఏనుగు బండను తాకితే?"

"నడిమి తూము ఎత్తాలి!"

నూరు గొంతులు. అందులో కూతురు పోయిన నీరటి గొంతూ ఉంది. అనేశాక అతను చేత్తో నోరు మూసుకున్నాడు.

"కాదు, తూర్పు తూము" అని దిద్ది, ఆమె మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే మాట. ఆమె అరిచింది, వాదించింది. మట్టి ఎలా కరిగిందో, మేస్త్రీలు ఏం చేశారో పూసగుచ్చినట్టు చెప్పింది. అందరూ నిజమేనని తలలూపారు. మూడోసారి అడిగితే మూడోసారీ నడిమి తూమే ఎత్తారు.

అప్పుడు వెనక నుంచి పెద్ద లేఖరి లేచాడు. నీరటివాళ్ళ మధ్యగా నడిచొచ్చి, ముందు వరసలో, వాళ్ళతోపాటు నేల మీద కూర్చున్నాడు. లేఖరి నేల మీద కూర్చోవడం ఎవరూ ఎరగరు.

"అడుగమ్మా" అన్నాడు.

"నీరు ఏనుగు బండను తాకితే?"

ఒక్కరూ నోరు మెదపలేదు. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. ఆ తూము ఎవరు కట్టారో అక్కడ తెలియనివాడు లేడు.

"మా నాన్న కట్టిన తూము లేదు" అన్నాడు ముసలాయన. పాఠం అప్పజెప్పే పసివాడిలా ఒక్కొక్క మాటే పలికాడు. "తూర్పు తూము... ఎత్తాలి."

ఆమె మళ్ళీ అడిగింది. ఈసారి రెండు గొంతులు వచ్చాయి. రెండోది ఆ నీరటిది.

ఆమె పుస్తకం మూసేసి, మళ్ళీ అడిగింది.