కట్టి తెచ్చిన కవి

పూర్వం కుందనగిరి రాజ్యాన్ని రణమర్దన భూపతి ఏలుతుండేవాడు. ఆయన కోటలో తాళపత్ర గ్రంథాలను కాపాడే పని తిప్పాంబది. తండ్రి నుంచి వచ్చిన కొలువది. చెద పట్టకుండా ఆకు ఆకునూ తుడిచి, పసుపు రాసి, కన్నబిడ్డల్లా చూసుకునేది.

ఒకనాడు రాజు ఆ గదిలోకి తొంగిచూశాడు.

"ఎప్పుడో పోయిన రాజుల కథలు నాకెందుకు? ఇవన్నీ నీళ్లు కాచే పొయ్యిలో వేయించి, ఇక్కడ నా కిరీటాలు పెట్టించండి" అన్నాడు.

తిప్పాంబ తొణకలేదు. "చిత్తం ప్రభూ. పొయ్యిలో వేసేముందు ఒక్క కావ్యం సభలో చదవనివ్వండి" అంది. రాజు సరేనన్నాడు.

మర్నాడు సభ నిండింది. ఎవరు రాసిందీ, ఎప్పుడు రాసిందీ చెప్పకుండా తిప్పాంబ చదవడం మొదలుపెట్టింది.

ఆ కావ్యంలోనూ ఒక రాజున్నాడు. నాట్ల వేళ రైతులను పొలాల నుంచి రప్పించి, తన పుట్టినరోజు ఊరేగింపులో జెండాలు మోయించాడు. ఆయన తుమ్మితే మంత్రులు సింహగర్జన అని మెచ్చుకున్నారు. ఊళ్లో ఒక రైతు భార్య మాత్రం ఎండిపోతున్న నారుమడి గట్టున కూర్చుని మగడి కోసం ఎదురుచూసింది.

వాకిట్లో కాపలా ఉన్న భటుడు కళ్లు తుడుచుకున్నాడు. మంత్రులు తలలు దించుకున్నారు. కుందనగిరి రైతులు కూడా ఆ వారమంతా కోటలో జెండాలే మోస్తున్నారు మరి!

రాజు ముఖం కందగడ్డ అయింది. "నన్నే ఎగతాళి చేస్తాడా! ఎవడా కవి? ఇప్పుడే కట్టి తీసుకురండి!"

తిప్పాంబ ఆకులను నెమ్మదిగా సర్ది, రెండు చెక్కల మధ్య పెట్టి, తాడు చుట్టి ముడివేసింది. ఆ కట్టను తెచ్చి రాజు ముందు ఉంచింది.

"ఇదిగో, కట్టి తెచ్చాను ప్రభూ. ఈయన పోయి మూడు వందల ఏళ్లయింది."

రాజు తెల్లబోయాడు. "మరి నా సంగతి వాడికెలా తెలిసింది?"

"తమరెవరో ఈయనకు తెలియదు. సింహాసనం మీద కూర్చున్నవాళ్ల సంగతి తెలుసు, పొలం గట్టున కూర్చున్నవాళ్ల సంగతీ తెలుసు" అంది తిప్పాంబ, తల ఎత్తి. "ఇన్నేళ్ల తర్వాత కూడా తమంతటివారికి కోపం తెప్పించాడు. ఇటువంటివాణ్ణి పొయ్యిలో వేద్దామా ప్రభూ?"

రాజు కాసేపు ఆ కట్టవంకే చూశాడు. చివరికి పకపకా నవ్వేశాడు.

రైతులను ఆ పూటే ఇళ్లకు పంపించాడు. తన ముత్యాల హారం తీసి తిప్పాంబకు ఇస్తూ, "అంతా బాగానే ఉంది గాని, ఇన్ని గ్రంథాల్లో నాలాంటి మంచి రాజు కథ ఒక్కటీ లేదా?" అని అడిగాడు.

"ఖాళీ ఆకులు చాలానే ఉన్నాయి ప్రభూ" అంది తిప్పాంబ.