చిప్పెడు ఉప్పునీళ్లు

అనగనగా ఒక అడవి. నేల మీది అడవి కాదు పిల్లలూ, నీళ్లలో మోకాళ్లదాకా దిగి నిలబడ్డ మడ అడవి. దాని మధ్యలోంచి ఒక కాలువ సముద్రంలోకి పోయేది. ఆ కాలువ ఒడ్డున నూకయ్య అనే నీటికుక్క ఉండేవాడు.

నూకయ్య పడవ సరంగు. అంటే పడవ నడిపే పెద్ద. ఆ పడవలో ఇంకెవరూ లేరు కాబట్టి పెద్దా తనే, కూలీ తనే. అయినా ఎవరైనా "సరంగు గారూ!" అని పిలిస్తే చాలు, మీసాలు దువ్వుకునేవాడు.

కాలువ గట్టున ఎండిన ఉప్పును పడవకెత్తి, సముద్రం మీదుగా పూలమడుగుకు తీసుకెళ్లేవాడు. పూలమడుగులో ఉండేవి మంచినీళ్లు. అక్కడి గేదెలకు ఉప్పు నాకడమంటే ప్రాణం. తిరిగి పంపడానికి పాపం వాటి దగ్గర ప్రేమా, పేడా తప్ప ఏమీ లేవు. నూకయ్య ప్రేమ మాత్రం తీసుకుని బయల్దేరేవాడు.

మరి ఖాళీ పడవ సముద్రంలో కుదురుగా ఉంటుందా? చిన్న అల కొట్టినా పక్కకు ఒరుగుతుంది. అందుకని బరువు కోసం మడుగు నీళ్లే పడవ అడుగున నింపుకునేవాడు. ఇంటికి చేరాక వాటిని కాలువలో పారబోసి, మళ్లీ ఉప్పు ఎత్తుకునేవాడు.

దానికొక నియమం ఉంది. నడి సముద్రంలో పడవ ఆపాలి. మడుగు నీళ్లు కొంచెం కొంచెంగా పారబోస్తూ, సముద్రపు నీళ్లు కొంచెం కొంచెంగా నింపుకోవాలి. మడుగులోంచి వచ్చిన గింజలూ, పురుగులూ సముద్రమంత ఉప్పునీళ్లలో బతకవు. అలా మన కాలువకు ఏ బెడదా రాదు.

కాలువ సముద్రంలో కలిసే చోట, అంటే మొగ దగ్గర, పీతమామ్మ కాపలా ఉండేది. ఆవిడకు ఒక చెయ్యి చిన్నది, ఒక చెయ్యి ఒళ్లంత పెద్దది. వచ్చిన ప్రతి పడవనూ ఆపి, "నీ అడుగు నీళ్లు చిప్పెడు ఇలా తే" అనేది. కొబ్బరిచిప్పలో నీళ్లు తెచ్చిస్తే చప్పరించి చూసేది. ఉప్పగా ఉంటే పెద్ద చెయ్యి ఊపి "పో" అనేది. చప్పగా ఉంటే "వెనక్కి తిరుగు" అనేది.

ఒకసారి నూకయ్య పూలమడుగులో ఉండగా కబురొచ్చింది. భార్య పైడమ్మకు ఆడకూన పుట్టిందట! ఇక ఆగుతాడా? పడవను ఎక్కడా ఆపకుండా పరుగులు పెట్టించాడు. మొగ దగ్గరికి వచ్చాక గానీ నియమం గుర్తు రాలేదు.

"అయ్ బాబోయ్! ఇప్పుడు వెనక్కెళ్తే పొద్దుగూకిపోతుంది" అనుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. గబుక్కున చిప్పను పడవ పక్కనున్న సముద్రంలో ముంచి, ఆ నీళ్లే మామ్మకు ఇచ్చాడు.

మామ్మ చప్పరించింది. "ఉప్పగానే ఉన్నాయి. పోరా నాయనా, కూనను చూసుకో" అంది.

నూకయ్య కూనను ఎత్తుకుని మురిసిపోయాడు. గవ్వ అని పేరు పెట్టాడు. మడుగు నీళ్లు కాలువలో పారబోశాడు. ఏమీ కాలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు, గవ్వ కళ్లు తెరిచిందని కబురు. "నా బంగారు తల్లి ముందుగా నన్నే చూడాలి" అని నూకయ్య మళ్లీ ఆగలేదు. మళ్లీ చిప్పతో అదే పని. కాలువలో అప్పటికే గుర్రపుడెక్క మొక్క ఒకటి తేలుతోంది. ఊదారంగు పూలు పూసింది. కొంగలూ, కోతులూ చూసి, "ఎంత బావుందో!" అని మెచ్చుకున్నాయి. అది పూలమడుగులోదేనని నూకయ్యకు తెలుసు. అయినా నోరు మెదపలేదు.

మూడోసారి గవ్వ తొలి ఈత పండుగ దగ్గరపడింది. ఆ అడవిలో నీటికుక్కల ఆచారం ఏమిటంటే, తల్లి ఈ గట్టున కూనను నీళ్లలో వదలాలి, తండ్రి ఆ గట్టున అందుకోవాలి. నూకయ్య ఈసారీ ఆగలేదు. మళ్లీ చిప్ప ముంచాడు.

కానీ వానలు పడి కాలువ నీళ్లు చప్పబడ్డ రోజులవి. గుర్రపుడెక్కకు పండగే పండగ. నూకయ్య వచ్చేసరికి కాలువ సగం పచ్చగా కప్పేసి ఉంది.

"ఈ ఆకులేంటయ్యా? నాకు భయంగా ఉంది" అంది పైడమ్మ.

"పక్కకు తోస్తే సరి. ఊరికే కంగారు పడకే" అన్నాడు నూకయ్య.

గట్టు మీద పీతమామ్మతో సహా అందరూ చేరారు. నూకయ్య ఆకులు పక్కకు తోసి ఆ గట్టుకు చేరాడు. పైడమ్మ గవ్వను వదిలింది. గవ్వ బుడుంగుమని మునిగి, తేలి, చకచకా ఈదింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంతలో గాలి వీచింది. ఆకుల చాప కొట్టుకొచ్చి గవ్వ మీద కప్పేసింది.

గవ్వ మళ్లీ పైకి రాలేదు.

నూకయ్య నీళ్లలోకి ఒక్క దూకు దూకాడు. నీళ్ల కింద అంతా వేళ్లే. పళ్లతో కొరికాడు, గోళ్లతో చీల్చాడు. చివరికి ఒక చిన్న తోక చేతికి తగిలింది. గవ్వను పట్టుకుని పైకి తేల్చాడు. గవ్వ దగ్గి, తుమ్మి, "నాన్నా, పూలు నన్ను పట్టేసుకున్నాయి" అంది.

నూకయ్య భోరుమన్నాడు. అందరి ముందూ పీతమామ్మ కాళ్ల మీద పడ్డాడు. పీతమామ్మకు కాళ్లు చాలా ఉన్నాయి కదా, అన్నిటినీ పట్టుకున్నాడు.

"మామ్మా, నీకిచ్చినవి పడవ నీళ్లు కావు. ఈ పాడు మొక్కను తెచ్చింది నేనే."

మామ్మ, "నేను నిన్ను నమ్మానురా నూకయ్యా. నువ్విచ్చిన చిప్పను చప్పరించడం నాదీ తప్పే. ఇకనుంచి నేనే పడవలోకి దిగి ముంచుకుంటాను. ముందు లే. ఏడిస్తే ఆకులు పోతాయా?" అంది.

అంతే, అడవంతా కాలువలోకి దిగింది. కోతులు తీగలు కట్టి లాగాయి. కొంగలు ముక్కులతో వేళ్లు పీకాయి. "ఒక్క ఆకు కూడా సముద్రంలోకి పోకూడదు! అంతా గట్టుకే!" అని మామ్మ పెద్ద చెయ్యి ఊపుతూ అరిచింది. గట్టు మీద అడవిపందులు కాచుకుని ఉన్నాయి. వచ్చిన ఆకును వచ్చినట్టే నమిలేసి, "ఇంకా ఉందా? ఇంకా ఉందా?" అని అడిగాయి. వాటి పొట్టలు చూసి గవ్వ పడీ పడీ నవ్వింది. అందరికంటే ముందు దిగి, అందరికంటే చివర గట్టెక్కింది నూకయ్యే.

నీళ్లు మళ్లీ తళతళలాడిన రోజున తొలి ఈత పండుగ మళ్లీ చేశారు. గవ్వ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈది, నాన్న మెడకు చుట్టుకుంది. ఈసారి చప్పట్లకు పడవ కూడా ఊగింది!

తర్వాతి ప్రయాణానికి గవ్వ కూడా వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు నడి సముద్రంలో నూకయ్య పడవ ఆపాడు. చెమటలు కక్కుతూ నీళ్లన్నీ మార్చాడు. మొగ దగ్గరికి వచ్చేసరికి పీతమామ్మ ఇసుకలో గుర్రుపెట్టి నిద్రపోతోంది.

"నాన్నా, మామ్మ చూడనే లేదు! ఇంత కష్టం ఊరికే పడ్డామా?" అంది గవ్వ.

నూకయ్య కూతురి తల నిమిరాడు. "మామ్మ కోసం కాదమ్మా, నువ్వు ఈదే నీళ్ల కోసం" అన్నాడు.

తర్వాత పడవ అడుగు నుంచి చిప్పెడు నీళ్లు ముంచి, తనే చప్పరించాడు. "అబ్బ, ఎంత ఉప్పో!" అని మొహం చిట్లించి, హాయిగా నవ్వుతూ ఇంటికి పడవ తిప్పాడు.

నీతి: తనిఖీ చేసేవాళ్లను మోసం చేయగలమేమో గానీ, నీళ్లను మోసం చేయలేం. ఎవరూ చూడకపోయినా నియమం పాటించాలి.