మోకులమ్మ తల్లి చరిత్ర: మోకుపట్టువారి ఇంటిపేరు పుట్టిన వైనం

వశిష్ఠ గోదావరి ఒడ్డున బస్సు దిగి, మోకుతిప్ప రేవు దాకా వచ్చిన భక్తులకు గోపురం కనబడదు. ఇక్కడ గోపురం లేదు. ఎత్తైన మట్టితిప్ప, దాని నెత్తిన రాతి స్తంభాల చిన్న మండపం, మండపంలో నదివైపు కొద్దిగా ఒరిగి నిలబడిన నల్లరాయి ఉంటాయి. ఆ రాయే మోకులమ్మ తల్లి. కొత్తగా వచ్చినవారు మమ్మల్ని మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటుంది. అమ్మవారు ఇలా ఒరిగిపోయి ఉంటే కమిటీవారు నిలబెట్టించరేమండీ అంటారు. నిలబెట్టించము. ఎందుకు నిలబెట్టించమో చెప్పడానికే ఈ చిన్న పుస్తకం.

అమ్మవారికి కన్ను, ముక్కు తీర్చి లేవు. నడుము చుట్టూ మాత్రం నున్నటి గాడులున్నాయి. వేలు పెడితే వేలు ఇముడుతుంది. ఏ శిల్పీ వాటిని చెక్కలేదు. అర్చకులు పసుపు కుంకుమలు అద్దేది ఆ గాడులకే.

ఈ తల్లి చలవతో పుట్టిన ఇంటిపేరు మోకుపట్టు. చాలామంది విని ఉండరు. శుభలేఖలో ఆ పేరు చూసి, ఇదెక్కడి ఇంటిపేరండీ బాబూ అని నవ్వినవారూ ఉన్నారు. నవ్వనివ్వండి. ఊళ్ళ పేర్లతో, వృత్తుల పేర్లతో ఇంటిపేర్లు మన దేశంలో కోకొల్లలు. ఒక ఆడమనిషి చేసిన పనినిబట్టి, ఆమెకు ఏమీ కాని జనం పెట్టుకున్న ఇంటిపేరు ఇంకెక్కడైనా ఉంటే మాకు చూపించండి. కుమ్మరుల్లో మోకుపట్టువారున్నారు, సాలెవారిలో ఉన్నారు, గొల్లల్లో, మాలల్లో, మాదిగల్లో, కాపుల్లో కూడా ఉన్నారు. వీరంతా వరసకు అన్నదమ్ములే. ఒక మోకుపట్టు ఇంటి పిల్లను మరొక మోకుపట్టు ఇంటికి ఇవ్వరు.

పూర్వం ఇక్కడ మండపం లేదు, మోకులమ్మ అన్న పేరూ లేదు. తిప్ప మీద నిటారుగా ఒక రాయి ఉండేది. ఊరివారు దానిని తిప్పమ్మ అని కొలిచేవారు. ఏటా ఆషాఢంలో జాతర జరిగేది. జాతరనాడు అమ్మవారి రథం లాగడానికి కొత్త మోకు కావాలి. మోకు అంటే మణికట్టంత లావు తాడు. దానిని పేనే హక్కు ఊరిలో ఒకే ఒక్క ఇంటిది. ఆ ఇంటి కోడలు అప్పాయమ్మ. ఆమె భర్త పేరు సింహాచలం, రేవులో పడవ నడిపేవాడు.

మోకు పేనడం అంటే ఆషామాషీ పని కాదు. జనుమును నానబెట్టి, నార తీసి, ఎండబెట్టి, పురులు పెట్టి, ఆ పురులన్నింటినీ కలిపి పేనాలి. ఆ పని నడిచినన్నాళ్ళూ ఒంటిపూట తినాలి. అన్నిటికంటే కఠినమైన కట్టుబాటు ఇంకొకటుండేది. రథానికి కట్టేదాకా ఆ మోకును పేనినవారు తప్ప మరొకరు ముట్టకూడదు. ముట్టితే పేనినవారు మొక్కుకున్న మొక్కు చెడిపోతుందని నమ్మకం.

అప్పాయమ్మకు ఉన్న మొక్కు ఒక్కటే. పెళ్ళయి చాలా ఏళ్ళయినా ఆమె కడుపు పండలేదు. పేరంటాలకు పిలిచి కూడా, తాంబూలం ఇచ్చేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేవారిని ఆమె ఎరుగును. ఆ ఏడు జనుము నానబెట్టే వేళకు ఆమెకు నెల తప్పింది. పురి పెట్టిన మొదటి రోజునే రాయి ముందు కూర్చుని, తల్లీ, ఈ మోకు నా బిడ్డ కోసం, ఒడిదుడుకులు లేకుండా ఒడిలో పెట్టు అని మొక్కుకుంది. ఆ రోజు నుంచి మోకు పేనుతూ తనలో తాను నవ్వుకునేది. సింహాచలం అది చూసి, చూడనట్టు ఊరుకునేవాడు.

మోకు రథానికి సరిపడా అయింది. ఆ మధ్యాహ్నం అప్పాయమ్మ నారకట్టల మీద తల వాల్చి కునుకు తీసింది. కలలో తడిచీర కట్టుకున్న ముత్తయిదువ ఒకామె వచ్చి, మోకు చివర చేతిలోకి తీసుకుని చూసి, ఇది నాకు పొట్టి, ఇంకా పేను అంది. మర్నాడూ అదే కల, ఆ మర్నాడూ అదే. అప్పాయమ్మ ఎందుకని అడగలేదు. ఇంటిలో ఉన్న నార అంతా అయిపోతే, ఇల్లిల్లూ తిరిగి నార అడిగి తెచ్చి పేనింది. చుట్టలు చుట్టలుగా మోకు వాకిలి నిండిపోయింది.

ఊరికి పెద్ద గవరయ్య. మాట పెళుసు, మనసు మెత్తన. ఆయన ఆ చుట్టలు చూసి ముక్కున వేలేసుకున్నాడు.

“ఏమే అప్పాయీ, రథాన్ని అంతర్వేది దాకా ఈడ్పిస్తావేంటే?” అన్నాడు.

“అమ్మ అడిగిందండి, నేను పేనుతున్నానండి. ఎంతకని నాకేం తెలుసండి?” అంది అప్పాయమ్మ. ఊరంతా ఆ మాట చెప్పుకుని నవ్వుకుంది.

ఇక్కడ లంక సంగతి చెప్పాలి. తిప్పకు ఎదురుగా, పాయకు అవతల ఇసుక లంక ఉండేది. ఆ ఏడు ఎగువ సీమల్లో కరువు వచ్చి, రకరకాల జనం పిల్లాజెల్లలతో దిగివచ్చి ఆ లంకలో గుడిసెలు వేసుకున్నారు. తిప్ప మీద మాత్రం ఊరివారు చోటు ఇవ్వలేదు. ఎవరో ఏమిటో, ఏ కులమో, ఏ ఇంటిపేరో అన్నారు. ఇది మా ఊరికి గొప్ప కాదు. అయినా జరిగినది జరిగినట్టు చెప్పడమే ధర్మం.

జాతర రేపనగా గోదావరి పొంగింది. తెల్లవారేసరికి ఎర్రనీరు పాయ నిండా సుళ్ళు తిరుగుతోంది. రేవులోని పడవలు కట్టుతాళ్ళు తెంపుకుని పోయాయి. లంక అంచులు విరిగి నీళ్ళలో పడుతుంటే, అవతలి జనం నడిమధ్య తాటిచెట్ల కిందికి చేరి కేకలు పెడుతున్నారు. ఆ కేకలు తిప్ప మీదికి వినబడుతున్నాయి. ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తోంది. చూడడం తప్ప ఏం చేయాలో ఒక్కరికీ తోచలేదు.

అప్పాయమ్మ నీళ్ళ వెడల్పు చూసింది. తన వాకిట్లోని మోకు చుట్టలు గుర్తుకొచ్చాయి. కలలోని మాటకు అర్థం ఆ క్షణాన తెలిసింది. దానికి చెల్లించవలసినది ఏమిటో కూడా తెలిసింది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయింది. తరువాత ఇంటికి పోయి మోకును ఈడ్చుకుంటూ వచ్చింది.

గవరయ్య అడ్డం వచ్చాడు. ఆయనకు కట్టుబాటు మీద పట్టింపు ఉన్న మాట నిజమే. కానీ ఆ పూట ఆయన అడ్డం వచ్చింది కట్టుబాటు కోసం కాదు.

“పిచ్చిదానా, నీ కడుపు సంగతి ఆలోచించేవా? ఇన్నేళ్ళకు పండిన కడుపే!”

“ఆలోచించేనండి బాబుగారూ. నా బిడ్డ కోసమే పేనేనండి. ఆళ్ళూ ఎవరో కన్న బిడ్డలే కదండీ. తాడు ఇంట్లో పెట్టుకుని ఆళ్ళని ఏట్లో ఒదిలేసి, రేపు నా బిడ్డకి ఏం చెప్పనండి?”

గవరయ్య పక్కకు తొలగాడు.

సింహాచలం అరటిబోదెలు రెండు కలిపి కట్టి, నడుముకు సన్నతాడు చుట్టుకుని, దాని రెండో కొసను అప్పాయమ్మ మోకుకు ముడివేశాక, బాగా ఎగువన నీళ్ళలోకి దిగాడు. దిగేముందు భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది. ప్రవాహం అతణ్ణి కొట్టుకుపోతూ కొట్టుకుపోతూ లంక కొసన విసిరేసింది. అవతలివారు అతణ్ణి పైకి లాగి, సన్నతాడు పట్టుకుని దాని వెనకే మోకును లాక్కున్నారు. తాటిచెట్టు మొదలుకు బిగించి కట్టారు. ఇవతల తిప్ప మీద అంత బరువును ఆపగలిగిన చెట్టు లేదు. ఉన్నది ఒక్క తిప్పమ్మ రాయి. అప్పాయమ్మ ఆ రాయి నడుముకు మోకు చుట్టి, కొసను రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలి నిలబడింది.

జనం రావడం మొదలైంది. పసిపిల్లలను వీపులకు కట్టుకుని, మోకును చంకల్లో ఇరికించుకుని, ఒకరి వెనక ఒకరు మెడలోతు నీళ్ళలో వస్తున్నారు. మోకు కిర్రుకిర్రుమంటూ రాతిని ఒరుసుకుంటోంది. ఆ ఒరిపిడికి పడ్డవే అమ్మవారి నడుము మీది గాడులు. సగం జనం దాటేసరికి, నానిన నేలలో రాయి కదిలింది. నదివైపు ఒరగడం మొదలుపెట్టింది. మోకు అప్పాయమ్మ అరచేతులను చీల్చుకుంటూ జారుతోంది. ఆమె వదలలేదు. ఊరివారు ముట్టకూడదన్న భయంతో బిగుసుకుపోయి చూస్తున్నారు.

అప్పుడు గవరయ్య తలపాగా విసిరికొట్టి ఆ మోకు పట్టుకున్నాడు.

“ఏం చూస్తారర్రా! పట్టండెహె!”

ఊరు ఊరంతా మోకు మీద పడింది. రాయి ఎక్కడికి ఒరిగిందో అక్కడే ఆగిపోయింది. ఆఖరున సింహాచలం ఒక ముసలి కుమ్మరిని భుజాన వేసుకుని ఒడ్డు చేరాక కాని అప్పాయమ్మ పిడికిళ్ళు విప్పలేదు. విప్పుదామంటే వేళ్ళు రాలేదు, సింహాచలమే వచ్చి ఒక్కొక్క వేలూ విడదీశాడు.

బిడ్డ దక్కలేదు.

ఊరిలో గుసగుసలు బయలుదేరాయి. ముట్టకూడని మోకు ముట్టించింది, అమ్మ ఊరుకుంటుందా అన్నారు. అప్పాయమ్మ ఆ మాటలు వింది. తానూ అలాగే అనుకుంది. చేతులకు ఆకుపసరు కట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుని, సింహాచలం ఎంత బతిమాలినా గంజి ముట్టలేదు. పుట్టెడు దుఃఖంలో ఆమెకు మళ్ళీ కునుకు పట్టింది. మళ్ళీ ఆ ముత్తయిదువే వచ్చింది. ఈసారి ఆమె నడుము చుట్టూ మోకు ఒరిసిన పచ్చి గాయాలున్నాయి.

“నా ఒళ్ళు చూడవే అమ్మాయీ. నువ్వు పట్టిన మోకే నేనూ పట్టేను. తప్పయితే నేనెందుకు పట్టుకుంటాను? నీ బిడ్డని నేను తీసుకోలేదు. ఆ బిడ్డ కోసం నేను ఏడుస్తున్నాను. లేచి వాకిట్లోకి వెళ్ళు” అంది.

అప్పాయమ్మ గోడ పట్టుకుని లేచి తలుపు తీసింది. వాకిట్లో వానలో తడుస్తూ లంక జనమంతా నిలబడి ఉన్నారు. గవరయ్య వారికి తిప్ప మీద ఇళ్ళస్థలాలు పంచడానికి వచ్చి, ఊరి రివాజు ప్రకారం ఎవరి కులమేమిటో, ఇంటిపేరేమిటో అడుగుతున్నాడు. సింహాచలం మోసుకొచ్చిన ముసలి కుమ్మరి ముందుకు వచ్చాడు.

“పాత ఇంటిపేర్లు ఏట్లో పోయినయి దొరా. ఈ మోకు పట్టుకుని బతికినాం. మేం మోకుపట్టోళ్ళం.”

“అందరూనా?”

“అందరం.”

“ఎవరి బిడ్డలని చెప్పుకుంటారు?”

ముసలాయన గుమ్మంలో నిలబడ్డ అప్పాయమ్మను చూశాడు. ఆమెకు తండ్రి వయసువాడు. వంగి, ఆమె ముందు నేలకు నుదురు తాకించాడు.

“అప్పాయమ్మ బిడ్డలం” అన్నాడు.

అప్పాయమ్మ అక్కడే కూలబడి, ప్రాణం పోయేటట్టు ఏడ్చింది. బిడ్డ పోయాక ఆమె కంట నీరు రావడం అదే మొదలు. ఆ తరువాత సింహాచలం చేతి గంజి తాగింది. గవరయ్య, “నేనూ పట్టేను కదర్రా” అన్నాడు. ఆయన కాపుల ఇంటివాడు, ఆ ఇంటికి కూడా ఆనాటి నుంచి అదే ఇంటిపేరు. అలా తిప్పమ్మ మోకులమ్మ అయింది, తిప్ప మోకుతిప్ప అయింది.

ఒక్క తల్లి బిడ్డలమనుకున్నాక తమలో తాము పెళ్ళాడకూడదు కదా! మోకుపట్టు మగపిల్లలకు పిల్ల కావాలంటే ఏరు దాటవలసిందే. దాటినవారిలో కొందరు అక్కడే నిలిచిపోయారు. ఈ పేరు తక్కువగా వినబడటానికీ, చాలా దూరాల్లో వినబడటానికీ కారణం ఇదే. ఖరగ్‌పూర్ రైలు కార్ఖానాల దగ్గర మోకుపట్టువారున్నారు. భిలాయి ఉక్కు కొలిమి దగ్గర, సూరత్ మగ్గాల మీద, రంగూన్ రేవునుంచి తిరిగివచ్చి ఆగిన శ్రీకాకుళం పల్లెల్లో ఉన్నారు. చెరకు తోటల పనికి ఓడ ఎక్కినవారి మనుమలు డర్బన్‌లో ఉన్నారు. ఎక్కడ చూసినా ఒకటి రెండు ఇళ్ళే. వారిలో అప్పాయమ్మ రక్తం పంచుకున్నవారు ఒక్కరూ లేరు. ఆమె బిడ్డలు కానివారూ ఒక్కరు లేరు. మేము గర్వంగా చెప్పుకునే మాట ఇది, ఎన్నిసార్లు చెప్పినా మాకు విసుగు రాదు.

నేటికీ ఆషాఢ జాతరకు మోకుపట్టువారు ఎవరి పిడికెడు నార వారు తెస్తారు. పెళ్ళయి ఇంటిపేరు మారిన ఆడపడుచులకు ఆ రోజున పుట్టింటి పేరు తిరిగి వస్తుంది. అందరి నారా కలిపి మోకు పేనుతారు. కట్టుబాటు మాత్రం తిరగబడింది. పూర్వం రథానికి కట్టేదాకా ఎవరూ ముట్టకూడదు. ఇప్పుడు వచ్చినవారందరూ ముట్టేదాకా రథానికి కట్టకూడదు. మోకుపట్టువారే కానక్కరలేదు. ఆ రోజున మోకు పట్టినవారంతా మోకుపట్టువారే. బిడ్డలు లేనివారు ఇక్కడ మొక్కుకుంటారు. బిడ్డలు పుట్టడమా, దొరకడమా అన్నది అమ్మ ఇష్టం. రెండు విధాలా ఒడి నిండినవారిని మేము చూశాము.

ఇక్కడ పూజకు గోత్రం అడగరు. ఎవరి బిడ్డలని అడుగుతారు. మొన్నటి జాతరకు డర్బన్ నుంచి ఒక పెద్దావిడ ఒంటరిగా వచ్చింది. పేరు సరోజిని మోకుపట్టు. తెలుగు బొత్తిగా రాదు. నార ఎక్కడ దొరుకుతుందో తెలియక, తన నాయనమ్మ పాత నేతచీర అంచు చింపి తెచ్చింది. పళ్ళెంతో ఎదురు వచ్చిన అర్చకులు అలవాటు కొద్దీ, “ఎవరి బిడ్డవమ్మా?” అని అడిగారు. పక్కనున్నవారు ఇంగ్లీషులో చెప్పబోయారు. ఆమె చెయ్యెత్తి వారిని ఆపింది. చిన్నప్పుడు నాయనమ్మ నిద్రపుచ్చుతూ, ఆ ప్రశ్నే అడిగి రోజూ చెప్పించిన మాట ఆమెకు ఒక్కటే వచ్చు. దానికి అర్థం కూడా ఆమెకు తెలియదు.

“అప్పాయమ్మ బిడ్డనండి” అంది.

అర్చకులు కళ్ళు తుడుచుకుని, ఆమె తెచ్చిన చీర అంచును తామే పురిలో కలిపి పేని, మోకు ఆమె చేతికి ఇచ్చారు. ఆమె పట్టుకుంది. రథం కదిలింది.