మోదుగకు కట్టిన పుసుగు విత్తనం

ఎర్రయ్య గురువు తత్వాలు నేర్పేవాడు, పొట్టకోసం లక్క పండించేవాడు. ఆషాఢంలో లక్కపురుగుల విత్తనం చెట్లకు కట్టే రోజుల్లో మేం శిష్యులమంతా కొమ్మలెక్కాల్సిందే. శ్రావణంలో మా గురువుకి గురువైన పరమగురువు ఆరాధన. ఆ ఏడాది ఆరాధనలో పెద్ద తంబురా ఎవరికిస్తే, గురువు తర్వాత పాట నేర్పేది వాళ్లే.

మాలో జోగినాయుడు ఆగలేక అడిగేశాడు. "తంబురా గవరయ్యకిస్తారంటున్నారు గురువు గారూ. మీరు పంపారని పన్నెండేళ్లు కొండగూడేల్లో ఉండి మీ తత్వాలకి డప్పు కట్టాడు, వాళ్ల మాటలు కలిపేశాడు. నేను ఒక్క అక్షరం మార్చలేదు. అతనింకా మనవాడేనా?"

అతను చెప్పింది నిజమే. జోగినాయుడు పాడుతుంటే గురువే పాడుతున్నట్టుండేది. ఆ సంగతి అతనికీ బాగా తెలుసు.

గురువు రెండు కట్టల విత్తనపు పుల్లలు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి పుసుగు చెట్టు మీద కోసింది, రెండోది మోదుగ మీది. రెండింటి మీదా ఎర్రటి పిల్లపురుగులు పాకుతున్నాయి. "తేడా ఏటైనా కనబడతందా?"

"లేదండి. ఒకటే పురుగు."

"అయితే రెండు కట్టలూ మోదుగకే కట్టు."

జోగినాయుడు ఎదురెదురు కొమ్మలకు శ్రద్ధగా కట్టాడు. చీమలెక్కకుండా చెట్టు మొదలు చుట్టూ బూడిద కూడా చల్లాడు. నెల తిరిగేసరికి మోదుగ విత్తనం కట్టిన కొమ్మ నిండా లక్క పొర పట్టింది. పుసుగు విత్తనం కట్టిన కొమ్మ మీద ఎండిన పొట్టు తప్ప ఏమీ లేదు. అతను చిన్నబోయి వచ్చాడు. "మేలైన విత్తనమే కదండీ, ఎందుకు చచ్చింది?"

"శానా మేలైంది. ఎప్పుడో ఈ రెండింటికీ తల్లి ఒకటే అయ్యుంటాది. ఏ చెట్టు రసం తాగిన పిల్లలు తరతరాలకి ఆ చెట్టువే అయిపోయాయి."

జోగినాయుడు ఆ ఎండిన కొమ్మ కేసి తిరిగాడు. "నన్ను ఆ గూడేలకి పంపుంటే..." అని ఆగిపోయాడు.

ఆరాధన నాడు గవరయ్య వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. అతని వెంట నలభైమంది కొండ దిగి నడిచొచ్చారు. అతను డప్పు మీద దరువేసి గురువు తత్వం ఎత్తుకుంటే, ఆ నలభై గొంతులూ వాళ్ల మాటల్లో అందుకున్నాయి. గురువు ముఖంలో గర్వం దాచినా దాగలేదు. మాకూ మనసు ఉప్పొంగింది.

జోగినాయుడు లేచి, తంబురా తీసి, తనే గవరయ్య చేతిలో పెట్టబోయాడు. గురువు అతని చెయ్యి పట్టి ఆపాడు.

"తంబురాతో నువ్విక్కడ నేర్పు, డప్పుతో ఆడు అక్కడ నేర్పుతాడు. మళ్లీ పుసుగు పుల్ల పట్టుకెళ్లి మోదుగకి కడతానంటావేటిరా?"