తుండుగుడ్డ కింద స్వేచ్ఛ

ఒకానొక రాజ్యంలో తిండికి కరువొచ్చినా మాటలకు మాత్రం ఏనాడూ కరువు రాలేదు. ఆ రాజ్యాన్నేలే ప్రతాపకేతు మహారాజుకు పెద్ద పెద్ద మాటలంటే మహా మోజు. ఆయన శాసనాలకు సొంపైన మాటలు అల్లిపెట్టడం ఆస్థాన విదూషకుడు పోలన్న పని.

ఒకనాడు మంత్రి వాగ్భూషణుడు చెప్పగా పోలన్న ఒక దండోరా అల్లాడు. "ఇకమీదట మన పశువుల సంత స్వేచ్ఛా సంత! ఎవరి ఎడ్లను వారు తమకిష్టమైన ధరకు అమ్ముకోవచ్చు!"

రాజుగారు మురిసిపోయారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ సందడిలోనే మంత్రి, "స్వేచ్ఛకు కాపలా ఉండాలి గదా ప్రభూ!" అంటూ సంతలో కొనే హక్కు తన బావమరిది కుప్పన్న ఒక్కడికే ఇప్పించాడు.

ఆ సంతలో బేరం నోటితో ఆడరు. చేతుల మీద తుండుగుడ్డ కప్పి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. ధర నచ్చకపోతే అమ్మేవాడు చెయ్యి లాక్కుని ఇంకొకరి దగ్గరికి పోతాడు. ఇప్పుడు పోదామంటే ఇంకొకరు లేరు. కుప్పన్న ఎంత నొక్కితే అదే ధర.

పోలన్న అక్క మాచమ్మ తన ఎద్దును సగం ధరకే వాడికి వదిలేసి ఏడుస్తూ ఇల్లు చేరింది. తమ్ముడు గడప తొక్కగానే విరుచుకుపడింది.

"ఆ దండోరా అల్లింది నువ్వే కదరా! స్వేచ్ఛ అంటే దోపిడీ అనుకుంటున్నారు ఊరంతా. మాకొద్దీ స్వేచ్ఛ, పాత సంతే ఇప్పించమని రాజుగారి కాళ్ల మీద పడబోతున్నారు. ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు!"

మంచినీళ్లయినా ఇవ్వలేదు. పోలన్న సిగ్గుతో వెనుదిరిగాడు.

రైతులు అన్నంత పనీ చేశారు. రాజుగారు భగ్గుమన్నారు.

"స్వేచ్ఛ ఇస్తే వద్దంటారా? ఈ కృతఘ్నులకు అసలు సంతే అక్కర్లేదు. మూయించండి!"

సంత మూస్తే రైతుల నోట మన్నే. పోలన్న చటుక్కున చేతులు జోడించాడు.

"ప్రభూ, వీళ్లకు స్వేచ్ఛగా బేరమాడటం చేతకాదు. తమరే సంతకు వేంచేసి, తమ గుర్రాన్ని బేరం పెట్టి చూపిస్తే బుద్ధొస్తుంది. కుప్పన్న బదులు నేను కూర్చుంటాను."

రాజుగారు ఉబ్బిపోయారు. సంత రోజున పట్టపు గుర్రంతో సహా దిగారు. జనం చుట్టూ మూగారు. పోలన్న తుండుగుడ్డ కప్పాడు. రాజుగారు ఠీవిగా చెయ్యి చాచారు.

పోలన్న ఒక్క వేలు నొక్కాడు.

"ఒక్క వరహానా!" రాజుగారు చెయ్యి లాక్కోబోయారు. రాలేదు. గుడ్డ కింద పోలన్న రెండు చేతులతో ఆ మణికట్టును బిగించి పట్టుకున్నాడు.

"చూడండయ్యా! ప్రభువులు తమ ఇష్టం వచ్చినట్టు బేరమాడుతున్నారు!" అని పోలన్న గొంతెత్తి అరిచాడు.

పైకి కనిపించేది గుడ్డే. అందరికంటే ముందు మంత్రి చప్పట్లు చరిచాడు. "ఆహా! స్వేచ్ఛ అంటే ఇదీ!"

రాజుగారి ముఖం కందగడ్డయింది. "వదలరా!" అని పళ్ల బిగువున అన్నారు.

"కొనేవాణ్ణి నేనొక్కణ్ణే. వదిలితే ఎక్కడికి పోతారు ప్రభూ?"

"నచ్చని బేరంలోంచి చెయ్యి లాక్కోనివ్వకపోతే అది బేరమెట్లా అవుతుందిరా!" రాజుగారు అందరూ వినేలా గర్జించారు.

పోలన్న గుడ్డ లాగేశాడు. బిగించిన చేతులు, ఎర్రగా కమిలిన రాజుగారి మణికట్టు అందరికీ కనిపించాయి. మంత్రి చప్పట్లు సగంలో ఆగిపోయాయి.

గుంపులోంచి మాచమ్మ ముందుకొచ్చింది. "మా మొర కూడా అదే మహారాజా."

రాజుగారు తమ మణికట్టు చూసుకున్నారు. మంత్రిని చూశారు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. కుప్పన్న హక్కు అక్కడికక్కడే రద్దయింది. మాచమ్మ ఎద్దును మంత్రే స్వయంగా తోలుకెళ్లి అప్పగించాలని ఆజ్ఞ అయింది.

"మరి సంతకు ఈసారి ఏం పేరు పెడదాం?" అని రాజుగారు పోలన్నను అడిగారు.

"పేరు వద్దు ప్రభూ. కొనేవాళ్లను రానివ్వండి, చాలు."

రాజుగారు మళ్లీ నవ్వి, తమ పట్టు ఉత్తరీయం తీసి పోలన్న భుజాన కప్పారు. "దీని కింద మాత్రం నాతో బేరమాడకు!"

మాచమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "పద, అన్నం చల్లారిపోతుంది."

ఆ చేతిని పోలన్న లాక్కోలేదు.